తొమ్మిదో తరగతితో నవల చదివిస్తున్నాను. కొత్త మాటలు పిల్లల నోట నిలబడాలంటే ఏం చేయాలి?

తెలుగుపంతులమ్మ:
అందరికీ నమస్కారం. మాది పశ్చిమ గోదావరి జిల్లా. జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు చెబుతాను. ఈ ఏడాది తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక నవలను మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివించాలని పట్టుబట్టాను. మొక్కపాటి నరసింహశాస్త్రి గారి ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం తీసుకున్నాం. 1924 నాటి పుస్తకం. బారిష్టరు చదువు కోసం ఓడెక్కి ఇంగ్లండు బయల్దేరే పార్వతీశం కథ. పార్వతీశానిది మొగల్తూరు, చదువుకున్నది నరసాపురం టేలర్ హైస్కూల్లో. రెండూ మా పిల్లలు బస్సెక్కి వెళ్లొచ్చే ఊళ్లే. నవ్వుకుంటూ చదువుతారు కదా అని ధైర్యం చేశాను.

కథ బాగానే నడుస్తోంది. మద్రాసులో అతను ఆడవాళ్ల టోపీ కొనుక్కున్న చోట మా క్లాసు నవ్విన నవ్వుకి పక్క గదిలో సారు వచ్చి చూశారు. ఇబ్బందంతా మాటల దగ్గరే.

నేను చేసింది చెబుతాను. ప్రతి భాగం మొదలుపెట్టే ముందు కష్టమైన మాటలు 25 ఏరి, అర్థాలతో సహా బోర్డు మీద రాశాను. పిల్లలు నోట్సులోకి దించుకున్నారు. శనివారం స్లిప్ టెస్ట్ పెడితే చాలామందికి 25కి 22, 23 వచ్చాయి. సంబరపడ్డాను. పదిహేను రోజులయ్యాక అవే మాటలతో సొంత వాక్యాలు రాయమన్నాను. ఒక అమ్మాయి ‘మా కొత్త ఇల్లు చాలా మంచి అవస్థలో ఉంది’ అని రాసింది. బోర్డు మీద నేను రాసిందేమిటి? అవస్థ అంటే స్థితి. మరి పిల్ల తప్పేముంది? ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చుండిపోయాను.

పిల్లలు 34 మంది, పుస్తకాలు 12, వారానికి రెండు పీరియడ్లు. మీలో ఎవరైనా నవల చదివిస్తూ మాటలు నేర్పినవాళ్లుంటే మీ అనుభవం చెప్పండి. మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టడానికి కూడా సిద్ధంగా ఉన్నాను.

గోదారిగట్టు:
అమ్మా, 31 ఏళ్లు తెలుగు పంతులుగా చేసి రిటైరయ్యాను. మీ పోస్టు చదివి ఊరుకోలేకపోయాను.

ముందుగా ఆ పట్టిక మీరు తయారుచేయకండి. మీకు కష్టమనిపించిన మాట, పిల్లకు కష్టమనిపించిన మాట వేరువేరుగా ఉంటాయి. పిల్లలనే ఏరనివ్వండి. ముగ్గురికో పుస్తకం ఉందన్నమాట కదా, ఆ ముగ్గురూ కలిసి భాగానికి మూడే మూడు మాటలు పట్టుకురావాలి. తెలియనివి ఎన్ని ఉన్నా మూడే. ఏ మూడు అన్నదాని మీద వాళ్లలో వాళ్లు వాదించుకుంటారు చూడండి, చదువంతా అక్కడే జరుగుతుంది.

రెండోది, ప్రతి మాటకూ ఒకే కొలత పెట్టకూడదు. కొన్ని వస్తువుల పేర్లు. వాటికి అర్థం రాయడం దండగ, వస్తువు చూపించాలి, దొరక్కపోతే బొమ్మ గీయాలి. కొన్ని ఆ కథలో ఒక్కసారి కనబడి పోతాయి. వాటిని నోటితో చెప్పేసి ముందుకెళ్లిపోవాలి. మూడో రకం ఉన్నాయి. అవస్థ, గాభరా, సంకోచం, మొహమాటం, బెంగ, ప్రాధేయపడటం లాంటివి. ఇవి ఏ కథలోనైనా, ఏ ఇంట్లోనైనా పనికొచ్చే మాటలు. మీ పీరియడ్లన్నీ వీటికి ఖర్చు పెట్టండి.

అవస్థ సంగతే తీసుకోండి. నిఘంటువు ప్రకారం స్థితి అన్నది తప్పు కాదు. బాల్యావస్థ, వృద్ధావస్థ అంటాం. కానీ ఇంట్లో అమ్మ ‘వాన వస్తే మా అవస్థ చూడాలి’ అన్నప్పుడు అందులో కష్టం ఉంది. ఆ కష్టం మీ బోర్డు మీదికి రాలేదు. వాక్యంతో సహా వస్తేనే అది వస్తుంది. అందుకని ‘పార్వతీశం పడిన అవస్థలు చెప్పండి’ అని అడగండి. పిల్లలు పది చెబుతారు. ఆ తర్వాత ‘మీరు పడిన అవస్థ ఒకటి చెప్పండి’ అనండి. ఇక ఆ పిల్ల జన్మలో మంచి అవస్థ అని రాయదు.

డల్లాస్‌నాన్న:
మాస్టారు చెప్పిన మూడు రకాలనే ఇక్కడ అమెరికా బడుల్లోనూ చూశాను. ఇసబెల్ బెక్, మార్గరెట్ మెక్యూన్, లిండా కుకన్ అని ముగ్గురు కలిసి 2002లో టీచర్ల కోసం ఒక పుస్తకం రాశారు. అందులో మాటల్ని మూడు అంతస్తులుగా పెట్టారు. కింది అంతస్తులో రోజూ మాట్లాడుకునేవి, పై అంతస్తులో ఒక్కో శాస్త్రానికి పరిమితమైనవి, మధ్య అంతస్తులో ఏ పుస్తకంలోనైనా ఎదురయ్యేవి. టీచరు కష్టపడాల్సింది ఆ మధ్య అంతస్తు మీదేనని వాళ్ల వాదన. 31 ఏళ్లు పాఠం చెప్పి మాస్టారు అదే మాట దగ్గరికి వచ్చారు.

మా పాపకు 12 ఏళ్లు. వారాంతాల్లో ‘మనబడి’ అనే తెలుగు బడికి వెళ్తుంది. అక్షరాలు చక్కగా వచ్చు, చదవగలదు, అర్థం కాదు. నేనూ పంతులమ్మ గారిలాగే చేశాను. రోజుకి 20 మాటల చొప్పున కార్డులు రాసి డబ్బాలో పెట్టాను. మూడో వారానికి ఆ డబ్బా మంచం కిందికి వెళ్లిపోయింది.

ఇప్పుడు కార్డులు మానేసి రోజూ రాత్రి రెండు పేజీలు నేనే పైకి చదువుతున్నాను. మొన్న ‘బెంగ’ వచ్చింది. హోమ్‌సిక్ అని చెప్పాను. ‘ఇంట్లోనే ఉన్నవాళ్లు బెంగపెట్టుకోరా?’ అంది. నా దగ్గర జవాబు లేదు. ఆదివారం వీడియో కాల్‌లో మా అమ్మ ‘నిన్ను చూడక బెంగగా ఉంది తల్లీ’ అంది. పాప నా వైపు తిరిగి ‘నాన్నా, నానమ్మ ఇంట్లోనే ఉంది’ అని మెల్లగా చెప్పింది. ఆ మాట దానికి ఇక ఎవరూ నేర్పక్కర్లేదు.

ఒక విషయం మాత్రం ఆలోచించాలి. తెలియని మాటలు మరీ ఎక్కువైతే కథ చేయిజారిపోతుంది. న్యూజిలాండ్‌లో పనిచేసిన పాల్ నేషన్ అనే భాషావేత్త ఈ లెక్క మీద చాలా పరిశోధన చేశారు. ఎవరి సాయమూ లేకుండా హాయిగా చదువుకోవాలంటే పేజీలో 98 శాతం మాటలు ముందే తెలిసి ఉండాలన్నది ఆయన, ఆయనతో పనిచేసినవాళ్లు 2000లో తేల్చిన సంగతి. అంటే 50 మాటలకు ఒక్కటి. మా పాపకు తెలుగు నవలలో ప్రతి ఐదో మాటా కొత్తదే. అందుకే తనంతట తాను చదివించడం మాని నేను చదివి వినిపిస్తున్నాను. గొంతులో సగం అర్థం వెళ్లిపోతుంది.

పాలమూరుపిల్ల:
ఇక్కడ నా మాట కూడా ఒకటి వినండి.

నేను మహబూబ్‌నగర్ జిల్లాలో చదువుకున్నాను. తొమ్మిదిలో ఉన్నప్పుడు క్లాసులో ‘దస్తీ’ అన్నాను. సారు అందరి ముందర నవ్వి, ‘అది తెలుగు కాదు, జేబురుమాలు అనాలి’ అన్నారు. తర్వాత సగం సంవత్సరం నేను తెలుగు క్లాసులో నోరు తెరవలేదు. మా ఇంట్లో పెట్టెను సందుగ అంటరు, దుప్పటిని చెద్దరు అంటరు. ఆ మాటలు బయటకు రాకుండా పెదవి బిగబట్టి కూర్చునేదాన్ని.

డిగ్రీలో వట్టికోట ఆళ్వారుస్వామి గారి ‘ప్రజల మనిషి’ చదివాను. 1955లో వచ్చిన నవల. నిజాం కాలంలో మన పల్లెలు, వెట్టి, దొరతనం, వాటిని ఎదిరించిన మనుషుల కథ. మా నానమ్మ నోట విన్న మాటల్ని మొదటిసారి అచ్చులో చూసుకున్నాను. నా చేతులు వణికినయి. గడీ, వెట్టి, పట్వారీ... ఇవి నాకు ఎవరూ నేర్పలేదు, నాకు ముందే తెలుసు. తెలుసన్న సంగతి మాత్రం ఆ రోజే తెలిసింది.

అందుకే అడుగుతున్న. నవల పట్టుకుని మాటలు నేర్పేటప్పుడు పుస్తకంలోని మాటను ఇంటి మాట మీద కూర్చోబెట్టకండి. పుస్తకంలో దుప్పటి ఉంటే ‘మీ ఇంట్ల ఏమంటరు?’ అని అడగండి. మీ క్లాసులో వేరే జిల్లా నుంచి వచ్చిన పిల్లలు ఉండకపోరు. ఇటుకబట్టీల పని మీద వచ్చిన కుటుంబాల పిల్లలుంటే వాళ్లకు ఇంకో భాషే ఉంటుంది. వాళ్ల మాట కూడా బోర్డు మీద పక్కన రాయండి.

గోదారిగట్టు:
పాలమూరు అమ్మాయి చెప్పింది విని మనసు బరువెక్కింది. నేనూ నా సర్వీసు మొదట్లో ‘అలా అనకూడదు’ అన్నవాడినే. ఎంతమంది నోళ్లు మూయించానో ఇప్పుడు లెక్క తెలియదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊరూరా రైతుల దగ్గర మాటలు సేకరించి 1962లో వ్యవసాయ వృత్తిపదకోశం తెచ్చారు. అది చేతికి వచ్చాక నా తీరు మారింది. ఒకే పనిముట్టుకి జిల్లాకో పేరు. అందులో ఏ పేరునీ తప్పు అనలేదాయన, ఎక్కడ ఏమంటారో రాశారు, అంతే.

పంతులమ్మ గారూ, ఆ అమ్మాయి చెప్పినట్టు ఇంటి మాటకు బోర్డు మీద చోటివ్వండి.

తెలుగుపంతులమ్మ:
మీ అందరికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. రెండు వారాలు ఆగి రాస్తున్నాను, ఎందుకంటే మీరు చెప్పినవన్నీ చేసి చూశాను.

బోర్డు మీద పట్టిక మానేశాను. ముగ్గురికి మూడు మాటలు. మొదటి రోజు గోలగోల. ఒక జట్టు ‘గాభరా’ తెలుసు కాబట్టి వద్దంటే, అదే జట్టులో ఒకడు ‘తెలుసంటున్నావు కదా, భయానికీ గాభరాకీ తేడా చెప్పు’ అన్నాడు. క్లాసంతా ఆ తేడా మీద పడింది. చివరికి వెనక బెంచీ పిల్ల చెప్పింది: ‘భయం వేస్తే కదలకుండా ఉంటాం టీచర్, గాభరా పడితే కాళ్లూ చేతులూ ఆడిస్తాం.’ నేను ఏ నిఘంటువులోనూ చూడని అర్థం అది.

ఇంకో పని చేశాను. పార్వతీశం ప్రయాణం చదివాక, ‘మీ ఇంట్లో పెద్దవాళ్లు పూర్వం ప్రయాణానికి ఏమేం తీసుకెళ్లేవాళ్లో అడిగి రండి, వస్తువు ఉంటే పట్టుకురండి’ అన్నాను. సోమవారం ఒక అబ్బాయి గోనెసంచిలో చుట్టి ఇత్తడి మరచెంబు తెచ్చాడు. వాళ్ల నాయనమ్మ అటక మీది నుంచి దింపించిందట. చింతపండు పెట్టి తోమి మరీ పంపించింది. మూతకు, చెంబు మెడకు మరలు. పైన పట్టుకోవడానికి వంపు తిరిగిన పిడి. 34 మందీ ఒకరి తర్వాత ఒకరు మూత తిప్పి తీసి, మళ్లీ బిగించారు. తిప్పుతుంటే కీచుమనే ఆ చప్పుడు కోసం రెండోసారి వరసలో నిలబడ్డవాళ్లూ ఉన్నారు. దాని నిండా నీళ్లు పోసి తలకిందులు చేశాడు ఆ అబ్బాయి. ఒక్క చుక్క కారలేదు.

‘మరి మర అంటే ఏంట్రా?’ అన్నాను. అంతే. మా ఇంటి కుళాయి మర అరిగిపోయింది టీచర్, అని ఒకడు. మరమేకు, అని ఇంకొకడు. వాళ్ల నాన్న వడ్రంగి. మరమగ్గం మూడో తరగతి పుస్తకమో నాలుగో తరగతి పుస్తకమో, ఎక్కడో చదివారట. ధాన్యం మర ఆడిస్తారు కదా అని ఒక పిల్ల. అక్కడ కాసేపు ఆగారు, ఎందుకంటే తిప్పి బిగించే మరకీ, బియ్యం ఆడే మరకీ పోలిక వాళ్లకు కనబడలేదు. అప్పుడు వాళ్లే మరమనిషి దాకా వెళ్లి, ‘తిరిగే భాగాలున్న యంత్రాన్ని కూడా మర అంటారన్నమాట’ అని తేల్చుకున్నారు. నేను కుర్చీలో కూర్చుని వింటున్నాను.

ఒకడు మాత్రం ‘మరమ్మతు కూడా ఇందులోదే, మర పాడైతే చేసేది మరమ్మతు’ అన్నాడు. వినడానికి ఎంత బాగుందో! కానీ నాకు అనుమానం. అవునని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. ‘రేపు చెబుతా’ అన్నాను. మాస్టారూ, దయచేసి చెప్పండి.

గోదారిగట్టు:
‘రేపు చెబుతా’ అన్నారు చూడండి, అందుకు మీకు నమస్కారం పెట్టాలి.

మరమ్మతు ఈ కుటుంబంలోది కాదమ్మా. అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మన దగ్గరికి వచ్చింది. అక్కడ కూడా బాగుచేయడమనే అర్థమే. మన మరతో చుట్టరికం లేదు, మొదట్లో ధ్వని కలిసింది, అంతే. మరమరాలు కూడా అంతే, అవి నమిలితే వచ్చే చప్పుడును బట్టి పుట్టిన పేరులా ఉంది. కానీ ఆ అబ్బాయిని తప్పు అని కూర్చోబెట్టకండి. మాటకు తల్లిదండ్రులు ఉంటారని వాడికి తట్టింది. ఆ తట్టడమే కావాలి. వాడి చేతికి నిఘంటువు ఇచ్చి వాడినే వెతకమనండి. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒకేచోట చాలా నిఘంటువులు వెతకొచ్చు. 1852లో అచ్చయిన బ్రౌన్ నిఘంటువు నుంచి సీతారామాచార్యుల వారి శబ్దరత్నాకరం దాకా ఉన్నాయి. ఫోనులో కూడా తెరుచుకుంటుంది.

మూడోపీరియడ్:
అందరూ చెబుతున్నవి బాగున్నాయి. కానీ నాకు లోపల ఒక టెన్షన్ ఉంది, చెప్పకుండా ఉండలేను. నేను ఒక ప్రైవేటు స్కూల్లో పదో తరగతికి తెలుగు చెబుతాను. పేపర్లో అర్థాలు, పర్యాయపదాలు, నానార్థాలు, ప్రకృతి వికృతులు, వ్యుత్పత్త్యర్థాలు ఉంటాయి. తల్లిదండ్రులు అడిగేది ఆ మార్కుల గురించే. మరచెంబు మీద ఒక పీరియడ్ ఖర్చు పెట్టానంటే మా యాజమాన్యం ఒప్పుకోదు. మా దగ్గర నవల పేరుతో పిల్లలకు చేరేది 300 మాటల ఒక జిరాక్సు కట్ట. కథ ఎవరూ చదవరు. నాకు మనసులో బాధగానే ఉంటుంది, కానీ దారి కనబడదు.

తెలుగుపంతులమ్మ:
మీ బాధ నాకు అర్థమవుతుందండీ. నేను చేస్తున్న సర్దుబాటు చెబుతాను, మీకు పనికొస్తుందేమో చూడండి. ఫార్మేటివ్ అసెస్‌మెంట్లలో పుస్తక సమీక్ష, ప్రాజెక్టు పని ఎలాగూ చేయించాలి కదా. ఆ రెండూ ఈ నవల మీదే పెట్టేశాను. కొత్తగా టైము అడగలేదు, ఉన్న టైమునే ఇటు తిప్పాను.

పేపర్లో అడిగేవి కూడా నవల్లోంచే తీస్తున్నాను. ప్రయాణం, పయనం. సముద్రం, సంద్రం. యాత్ర, జాతర. ఓడ ఎక్కిన మనిషి కథ చదువుతున్నప్పుడు ఈ మూడు ప్రకృతి వికృతులు గుర్తు పెట్టుకోమని చెప్పనక్కర్లేదు. యాత్ర, జాతర ఒకటేనని తెలిసినప్పుడు మా పిల్లలు నమ్మలేదు. మా ఊరి అమ్మవారి జాతరకు వాళ్లు చిన్నప్పటి నుంచీ వెళ్తున్నారు మరి.

ఇంగ్లిష్‌అక్క:
నాది ఇంగ్లిష్ సబ్జెక్టు, అయినా ఇక్కడ చెప్పదగ్గది ఒకటుంది. గురుకులంలో పనిచేసినప్పుడు ఎనిమిది, తొమ్మిది తరగతుల అమ్మాయిలతో ఆర్కే నారాయణ్ గారి ‘స్వామి అండ్ ఫ్రెండ్స్’ చదివించాను. 1935 నాటి పుస్తకమైనా ఇంగ్లిష్ తేలిగ్గా ఉంటుంది.

మొదట్లో పిల్లలు ప్రతి కొత్త మాట మీదా పెన్సిల్‌తో తెలుగు అర్థం రాసుకునేవాళ్లు. పేజీ నిండా చీమల బారులా రాతలు. చదివేది ఆ తెలుగు రాతల్నే, కింద ఇంగ్లిష్‌ని కళ్లు దాటేసేవి. ఒకరోజు రబ్బరు ఇచ్చి అన్నీ తుడిపించేశాను. ఏడ్చినంత పని చేశారు. ‘తెలియని మాట కింద చిన్న చుక్క పెట్టండి, ఆగకండి, ముందుకెళ్లండి’ అన్నాను. భాగం అయ్యాక వెనక్కి వచ్చి చుక్కలు చూసుకోవాలి. ఈలోగా అర్థమైపోయిన వాటి చుక్క తుడిచేయాలి. ఒక అమ్మాయికి ఒక భాగంలో 19 చుక్కలుంటే, తిరిగి వచ్చేసరికి 8 మిగిలాయి. మిగతా 11 కథే చెప్పేసింది. ‘టీచర్, నాకెవరూ చెప్పలేదు, నాకే తెలిసిపోయింది’ అని పుస్తకం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

మిగిలిన 8కే నేను పాఠం చెప్పాను. తెలుగు నవలకు కూడా ఇది పనికొస్తుందనుకుంటా.

గ్రూప్స్‌ప్రిపరేషన్:
నేను పోటీ పరీక్షలకు చదువుతున్నాను. ఇక్కడ కార్డులంటే అందరికీ కోపంగా ఉన్నట్టుంది, నేను మాత్రం కార్డుల పక్షమే. ఎంత బాగా అర్థమైన మాటైనా నెల రోజులు కనబడకపోతే జారిపోతుంది. రేపు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి అలా ఎడం పెంచుకుంటూ మళ్లీ చూసుకుంటే నిలుస్తుంది. ఇది నా మీద నేను చేసి చూసుకున్నది.

కానీ కార్డు మీద ఏం రాస్తున్నామన్నది ముఖ్యం. నేను మాట, అర్థం రాయను. ఆ మాట ఏ వాక్యంలో కనబడిందో ఆ వాక్యం మొత్తం రాసి, మాట ఉన్న చోట గీత పెడతాను. వెనక వైపు మాట. వాక్యం చూడగానే ఆ సన్నివేశం గుర్తొస్తుంది, దాని వెంటే మాట వస్తుంది. డల్లాస్ అన్నా, ఆ మంచం కింద డబ్బా బయటికి తీయండి. 20 వద్దు, వారానికి ఐదు చాలు, మీ పాప చేతనే రాయించండి.

డల్లాస్‌నాన్న:
తమ్ముడూ, తీశాను. మొదటి కార్డు మీద ‘నిన్ను చూడక ______ గా ఉంది తల్లీ’ అని అదే రాసుకుంది. ‘నానమ్మ, ఆదివారం’ అని కింద మూలన చిన్న అక్షరాలతో రాసింది.

పాలమూరుపిల్ల:
ఈ మాట చదివి కళ్లల్ల నీళ్లు వచ్చినయి అన్నా.

తెలుగుపంతులమ్మ:
నిన్న టోపీ దగ్గర అనుకోని పాఠం జరిగింది, రాయకుండా ఉండలేను. పార్వతీశం టోపీ గురించి మాట్లాడుకుంటుంటే ఒక అబ్బాయి, ‘టీచర్, మా మావయ్యకి చీటీలవాడు టోపీ పెట్టాడు అంటారు ఇంట్లో. టోపీ పెడితే మోసం ఎందుకైంది?’ అన్నాడు.

సమాధానం నేను చెప్పలేదు. ‘ఇలాంటివి ఇంకా ఏమున్నాయి?’ అన్నాను. కుచ్చుటోపీ వచ్చింది. పంగనామాలు వచ్చాయి. శఠగోపం పెట్టడం వచ్చింది, గుళ్లో పూజారి గారు నెత్తిన పెట్టేదే కదా అని వాళ్లే ఆశ్చర్యపోయారు. చెవిలో పూలు పెట్టడం ఆఖరున వచ్చింది. అన్నీ బోర్డు మీద వరసగా రాస్తే ఒక పిల్ల లేచి, ‘అన్నీ తల మీదే టీచర్!’ అంది. అవును, అన్నీ తలకో, నుదుటికో, చెవికో పెట్టేవే. నేను ఇన్నేళ్లు ఈ జాతీయాలు చెబుతున్నాను, ఎప్పుడూ గమనించలేదు. ‘ఎవరు పెడుతున్నారో, ఏం పెడుతున్నారో మనకి కనబడదు కదా, అందుకే మోసపోతాం’ అని ఆ పిల్లే కారణం కూడా చెప్పింది. ఆ కారణం నిజమో కాదో నాకు తెలియదు గానీ, ఆ ఐదు జాతీయాలూ ఎవరూ మరిచిపోరు. మంచి అవస్థ అని రాసింది ఈ పిల్లే.

మూడోపీరియడ్:
మేడం, మీకు చెప్పాలని వచ్చాను. జిరాక్సు కట్ట అలాగే ఉంచి, వారానికి ఒక్క పీరియడ్ మాత్రం ఒక కథ పైకి చదువుతున్నాను. నవల అంత ధైర్యం ఇంకా రాలేదు. ఒక్కో జట్టుకు మూడు మాటలు, పెన్సిల్ చుక్కలు, రెండూ పెట్టాను. మొదటి వారం ఎవరూ నోరు విప్పలేదు, రెండో వారం నుంచి చెబుతున్నారు. మార్కుల సంగతి పరీక్షలయ్యాక రాస్తాను.

గోదారిగట్టు:
బాబూ, ఒక్క పీరియడ్ చాలు. ఆపకండి.

తెలుగుపంతులమ్మ:
ఒక సాయం కావాలి. పిల్లలు ఈసారి పట్టుకొచ్చిన మాటల్లో పడవలకు సంబంధించినవి చాలా ఉన్నాయి. ఓడ ప్రయాణం చదువుతూ, మన కాలవల మీద కూడా పడవలు తిరిగేవట కదా అని ఇళ్లల్లో అడిగారు. రేవు, లాకు, చుక్కాని, తెరచాప, సరంగు. లాకులు రోజూ చూస్తూనే ఉన్నారు. తలుపులు మూసి నీటిమట్టం పెంచి పడవను పై కాలవలోకి ఎలా ఎక్కించేవాళ్లో మాత్రం ఒక్కరికీ తెలియదు, అదొక వంతెన అనుకుంటున్నారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయిందని, కాటన్ గారు తవ్వించిన కాలవలు సాగుకే కాకుండా రాకపోకలకు కూడా పనికొచ్చేవని పుస్తకంలో ఉన్నది చెప్పగలను. సరంగు ఏం చేసేవాడో, పడవ లాకులోకి వెళ్లేటప్పుడు ఏమని కేకేసేవాడో నేను చెప్పలేను. ఆ పనిచేసిన పెద్దవాళ్లెవరైనా మీకు తెలుసా?

గోదారిగట్టు:
సరంగు పారసీ నుంచి వచ్చిన మాటమ్మా, పడవ మీద పెద్ద అతనే. లాకు ఇంగ్లిష్ నుంచి వచ్చింది. పంట కాలవ మీద పారసీ, ఇంగ్లిష్, తెలుగు మూడూ కలిసి ప్రయాణం చేశాయన్నమాట. ఈ సంగతి పిల్లలకు చెప్పండి. కేకల సంగతి నాకూ తెలియదు.

కాలవగట్టుకుర్రాడు:
నమస్తే టీచర్. చాలా రోజులుగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. మా తాతయ్య కుర్రతనంలో ధాన్యం పడవల మీద పనిచేశాడు. ఇప్పుడు 86 ఏళ్లు. వినికిడి కొంచెం తక్కువ, జ్ఞాపకం మాత్రం గట్టిది. మీ పోస్టు చదివి వినిపిస్తే లేచి కూర్చున్నాడు. గాలి లేనప్పుడు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవ లాగేవాళ్లమని, ఆ తాడుకొక పేరు, లాగే పాటకొక పేరు ఉన్నాయని మొదలుపెట్టి ఆపలేదు. నేను సగమే రాసుకోగలిగాను. మాది మీకు దగ్గరే అయి ఉండాలి, ఆటోలో తీసుకురాగలను.

తెలుగుపంతులమ్మ:
తప్పకుండా తీసుకురండి బాబూ. మంగళవారం మధ్యాహ్నం మొదటి పీరియడ్ మాదే. హెడ్‌మాస్టర్ గారిని ఇప్పుడే అడిగాను, సరేనన్నారు. తాతగారికి మెట్లెక్కే పని లేకుండా కింద వేపచెట్టు దగ్గర బెంచీలు వేయిస్తాను. పిల్లలు ప్రశ్నలు రాసుకుంటున్నారు. మరచెంబు తెచ్చిన అబ్బాయి తాతగారికి అందులోనే మంచినీళ్లు ఇస్తానంటున్నాడు.